మేనత్త చాప

ఆ చలికాలం నేను పగటిపూట వీధిలోకి రావడం మానేశాను. సబ్బో ఉప్పో కావాలంటే పొద్దుగూకాక నెత్తిన గుడ్డ కప్పుకుని దుకాణానికి వెళ్ళేదాన్ని. చర్చిలో చివరి బల్ల మీద కూర్చుని, ఆఖరి పాట పూర్తి కాకముందే లేచి వచ్చేసేదాన్ని. మా ఆయన పౌలియాసి జైల్లో ఉన్నాడు.

మా ఎఉవా ద్వీపంలో మనిషిని కొట్టినవాణ్ణయినా క్షమిస్తారు గాని, కావా దుబ్బు పీకినవాణ్ణి క్షమించరు. ఆ దుబ్బు ఒక ఏడాదిలో చేతికొచ్చేది కాదు. ఏళ్ళ తరబడి కలుపు తీసి, గాలివానకి కాచుకుని పెంచితే అప్పుడు దాని వేళ్ళు దంచి నీళ్ళలో కలుపుకుని తాగే యోగం పడుతుంది. పౌలియాసి, ఇంకో ఇద్దరు కలిసి ఒక తోటలో వరసకి వరస పీకేశారు. ఆ ఇద్దరూ పారిపోయారు. ఇతనికి పరుగు చేతకాక దొరికిపోయాడు.

ఆ తోట ఎవరిదో కాదు. మా తమ్ముడు మానసేకి తన కూతురు లతాయినిచ్చిన మామగారు ఫొలావుగారిది.

"ఎర్రమట్టి అంటిన లాగూలు ఉతికింది నువ్వే కదా, నీకు అనుమానం రాలేదా?" అని పోలీసు అడిగాడు. రాలేదు. మా ఊళ్ళో అందరి లాగూలకీ ఎర్రమట్టే. కాని ఆ మాట నా నోట్లోంచి బయటికొచ్చేసరికి నాకే అబద్ధంలా వినిపించింది.

ఇలా ఉండగా మానసే కూతురు అలిసికి ఏడాది నిండే రోజు దగ్గర పడింది. పెళ్ళి లేకుండా గడిపేసినవాళ్ళున్నారు గాని, మొదటి పుట్టినరోజు చెయ్యని ఇల్లు మా దగ్గర లేదు. ఆ రోజు అందరికంటే పైచోటు బిడ్డ మేనత్తది. తండ్రికి అక్క అయినామె పెద్ద చాప మీద బిడ్డ పక్కన కూర్చోవాలి. తల్లి తరఫువాళ్ళు తాము నేసిన చాపలు, బెరడుతో చేసిన గుడ్డలు మోసుకొచ్చి ఆమె ముందు వంగి పరవాలి. కేకులో పెద్ద అంతస్తు ఆమెకే. మానసేకి అక్కని నేను. అంటే ఫొలావుగారు తన తోట దోచినవాడి పెళ్ళాం ముందు, ఊరందరూ చూస్తుండగా, నడుం వంచాలి.

గురువారం సాయంత్రం మానసే వచ్చాడు. మాలో అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళున్న గదిలోకి రారు. గుమ్మం పక్కన గోడకి ఆనుకుని బయటే నిలబడ్డాడు.

"అక్కా, ఉన్నావా?"

"ఉండక ఎక్కడికి పోతాను."

"శనివారం..." అన్నాడు. తర్వాత దగ్గాడు. తర్వాత మా కుక్కని అదిలించాడు.

"సిసిలియా వస్తోందటగా?" అన్నాను నేనే. సిసిలియా మా చెల్లెలు. రాజధానిలో ఉంటుంది. దాని మొగుడికి బ్యాంకులో పని.

"రేపటి పడవకి వస్తోంది. కేకు అదే తెస్తోంది. మూడంతస్తులట."

"అయితే దాన్నే కూర్చోబెట్టు."

"ఎక్కడ?" అన్నాడు, తెలియనట్టు.

"ఎక్కడేమిట్రా, చాప మీద. నాకు నడుం నొప్పిగా ఉంది. అంతసేపు కూర్చోలేను."

మానసే సరేననలేదు. ఊపిరి వదిలాడు, అంతే. గోడ ఇవతల కూర్చున్న నాకు ఆ ఊపిరి వినిపించింది. వారం రోజులుగా లోపల బిగబట్టుకున్న గాలిలా ఉంది అది. అడగడానికే వచ్చాడు పాపం. అడగక్కర్లేకుండా పోయింది. 'వద్దక్కా, నువ్వే కూర్చోవాలి' అంటాడేమోనని నేను కాసేపు ఆగలేదని మాత్రం చెప్పలేను.

"మామయ్య ఏమీ అనలేదక్కా," అన్నాడు చివరికి.

"తెలుసు. పొద్దుపోయింది, ఇంటికెళ్ళు."

*

శుక్రవారం మధ్యాహ్నానికి మానసే ఇంటి పెరడంతా జనం. నేను వెనక దారిన వెళ్ళాను. పందిరి గుంజలు పాతుతున్నారు, కొబ్బరికాయలు వలుస్తున్నారు, పందులు అప్పుడే తమ సంగతి తెలిసినట్టు అరుస్తున్నాయి. అలిసి మాత్రం ఇవేమీ పట్టనట్టు మట్టిలో కూర్చుని చెప్పు కొరుకుతోంది.

రేవు నుంచి ట్రక్కు వచ్చింది. మా ద్వీపానికీ రాజధానికీ మధ్య సముద్రం ఎప్పుడూ మంచిది కాదు. ఆ రోజు మరీ ఎగిరెగిరి పడిందట. సిసిలియా మొహం పచ్చబడిపోయి ఉంది. ఒళ్ళో కేకు పెట్టె మాత్రం కదలలేదు.

"కేకు బతికింది. నేనే పోయాను," అంది దిగుతూ.

"మీ ఆయనో?" అంది ఎవరో.

"ఆయన నా కాళ్ళ మీదే కక్కాడు. కేకు మీద పడుతుందేమోనని కాళ్ళు చాపాను."

పెరడంతా నవ్వింది. నేనూ నవ్వాను. నా నవ్వు వినగానే ఇద్దరాడవాళ్ళు ఆగిపోయారు. నవ్వే హక్కు లేనిదాన్ని నవ్వానని నాకే అనిపించి నోరు మూసుకున్నాను.

సిసిలియా నన్ను పక్కకి లాగింది.

"అక్కా, నిజంగా నడుం నొప్పేనా?"

"నిజంగానే."

"కొత్త నడుముచాప తెచ్చుకున్నాను. చూస్తావా?" పెద్ద సందర్భాలకి బట్టల మీద నడుముకి చుట్టుకునే చాప అది. సన్నటి అల్లిక, అంచుకి ఊలు పూలు. అంటే దీనికి గురువారానికి ముందే కబురు వెళ్ళిందన్న మాట.

"బాగుంది. నీకు నప్పుతుంది," అన్నాను.

*

శనివారం తెల్లవారకముందే పెరట్లో నేలపొయ్యిలు రాజేశారు. వంట తల్లి తరఫువాళ్ళ పని. ఫొలావుగారు ఒక వరసలో పందిపిల్లల్ని నిప్పుల మీద తిప్పుతున్నారు. పొడుగు మనిషి. ఒక చెవి వినిపించదు, అందుకని ఆయన ఏం మాట్లాడినా అరిచినట్టే ఉంటుంది. నన్ను చూశారు. మళ్ళీ పంది వైపు తిరిగారు.

చేమాకుల్లో మాంసం, కొబ్బరిపాలు పెట్టి పొట్లాలు కడుతున్న ఆడవాళ్ళ మధ్యకి వెళ్ళి కూర్చున్నాను. ఇంట్లో కూర్చుంటే ఏదో వంక పెట్టి రాలేదంటారు. పందిట్లో కూర్చుంటే సిగ్గు లేదంటారు. పని చేస్తూ ఉంటే ఎవరూ ఏమీ అనరనుకున్నాను.

నాలుగు పొట్లాలు కట్టానో లేదో ఫొలావుగారి భార్య తెమలేటి నా ముందు నిలబడింది.

"లే."

"ఏం పిన్నీ?"

"ఆ ఆకు కింద పెట్టు. దాని మీద నీ చెయ్యి పడకూడదు."

చుట్టూ ఉన్న చేతులన్నీ ఆగిపోయాయి. నా చేతుల్లోంచి కొబ్బరిపాలు మోచేతుల దాకా కారుతున్నాయి. తుడుచుకోవడానికి కూడా తోచలేదు. దొంగ పెళ్ళాం ముట్టింది విందుకి వద్దు కాబోలు, నిజమే కదా అనుకున్నాను. లేచి పెరటి చివర కొబ్బరి పీచు కుప్ప వెనక్కి వెళ్ళాను. అక్కడ ఒక ముసలమ్మ ఒక్కత్తే కొబ్బరి కోరుకుంటోంది. కళ్ళు సరిగా కనపడవు ఆమెకి. "ఎవరో గాని సాయం పట్టమ్మా, నా భుజం పోయింది," అంది. ఎవరో చెప్పకుండా ఆమె పక్కన కూర్చుని కోరడం మొదలుపెట్టాను.

కాసేపటికి తెమలేటి అక్కడికీ వచ్చింది. ఈసారి ఆమె మొహం ఎర్రగా ఉంది.

"నీకు చెబితే అర్థం కాదా లెసియెలీ? మేనత్తవి, పొద్దున్నే వచ్చి పొయ్యిల దగ్గర కూర్చుంటావా? బిడ్డకి మంచిదా అది? రేపు ఊరంతా ఏమంటుంది, లతాయి పుట్టింటివాళ్ళు మేనత్త చేత కొబ్బరి కోరించారని అనరూ? పోయి స్నానం చేసి బట్టలు కట్టుకో!"

నేను అనుకున్నది ఏమిటి, ఈమె అంటున్నది ఏమిటి.

"పిన్నీ... ఇవాళ నేను కాదు. సిసిలియా కూర్చుంటుంది."

"ఎవరన్నారు?"

"నేనే అన్నాను. నడుం నొప్పి..."

తెమలేటి నా నడుం కేసి చూసింది. నేను వంగి కొబ్బరి కోరుతున్న తీరు కేసి చూసింది. వెనక్కి తిరిగి పందులు కాలుతున్న వైపు వెళ్ళిపోయింది. మొగుడి మంచి చెవి దగ్గర నోరు పెట్టి ఏదో చెప్పడం దూరం నుంచి కనిపించింది. ఆయన పందిని తిప్పడం ఆపలేదు.

*

మధ్యాహ్నానికి పందిరి నిండింది. బల్లల మీద కాల్చిన పందిపిల్లలు, పెండలాలు, చేమదుంపలు, రొయ్యలు, పుచ్చకాయలు, పైన తాళ్ళకి వేలాడదీసిన చిప్స్ పొట్లాలు. పాస్టరుగారి ప్రార్థన ఎంతసేపు సాగిందంటే, బెరడుగుడ్డలో బిగించి కూర్చోబెట్టిన అలిసి కునికిపాట్లు పడి సిసిలియా మీదికి ఒరిగిపోయింది. సిసిలియా కొత్త నడుముచాపలో నిటారుగా, బొమ్మలా కూర్చుంది. నేను పెరటి వైపు గుంజ చాటున నిలబడి చూస్తున్నాను. కట్టుకున్నది పొద్దున్నటి లంగానే. మసి, కొబ్బరిపాలు, చేమాకు మరకలు. నడుముకి చాప లేదు. అలాంటి చోట నడుముచాప లేకుండా నిలబడడం అంటే సగం బట్టలతో నిలబడడమే.

తల్లి తరఫు కానుకల వంతు వచ్చింది. ఫొలావుగారు ముందు నడిచారు. భుజం మీద పెద్ద చాప, అన్నిటికంటే సన్నటి అల్లిక. తెమలేటి ఏడాదిగా నేసింది. వెనక ఆడవాళ్ళు మిగతావి మోస్తున్నారు. ఆయన సిసిలియా ముందు దాకా వచ్చి ఆగారు.

చాప దించలేదు.

"బిడ్డ మేనత్త ఏది?" అన్నారు. ఆయన మామూలు గొంతే అది. పందిరి చివరి దాకా వినిపించింది.

సిసిలియా చిన్నగా నవ్వి, "నేనున్నాను కదా మామయ్యా," అంది.

"నువ్వు చిన్నదానివమ్మా. పెద్దావిడ ఏది?"

మానసే లేచి ఆయన దగ్గరికి వెళ్ళి చెవిలో ఏదో చెప్పాడు. వినపడని చెవిలో చెప్పాడు.

"ఏమిటీ?"

మళ్ళీ చెప్పాడు.

"గట్టిగా చెప్పు నాయనా!"

మానసే మెడ దాకా ఎర్రబడిపోయాడు. "అక్కకి నడుం నొప్పి మామయ్యా!" అని అరిచాడు. అందరూ విన్నారు. అందరికీ అసలు సంగతి తెలుసు. ఒక్కళ్ళూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

ఫొలావుగారు భుజం మీద చాప సర్దుకున్నారు.

"నడుం నొప్పైతే దిండు వెయ్యండి," అన్నారు.

ఇంక కదల్లేదు. అలాగే నిలబడ్డారు.

తలలన్నీ నా వైపు తిరిగాయి. నేను గుంజ వెనక ఉన్నానని అందరికీ మొదట్నుంచీ తెలిసినట్టుంది. వెనక్కి పరుగెత్తుదామనుకున్నాను. తిరిగేసరికి తెమలేటి ఉంది. అప్పటికే తన నడుముచాప విప్పేస్తోంది.

"చేతులెత్తు."

"పిన్నీ, వద్దు. నన్ను చూడు, ఎలా ఉన్నానో."

"చూశాను. చేతులెత్తు."

ఆమె ఒంటి వేడి ఇంకా ఆరని చాపని నా మసి లంగా మీద చుట్టి, తాడు బిగించి కట్టింది. తను ఉత్త లంగాతో మిగిలిపోయింది. వీపు మీద చెయ్యి వేసి ముందుకి తోసింది.

ఆ పందిరి దాటడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. నేల మాత్రమే చూశాను. ఎవరివో చెప్పులు, రొయ్య తొక్కలు, పిల్లలు పారేసిన రిబ్బన్లు. సిసిలియా సగం జరిగింది, తర్వాత మొత్తం జరిగింది. నేను కూర్చున్నాను. నిజంగానే ఎవరో దిండు తెచ్చి నా వీపు వెనక పెట్టారు.

ఫొలావుగారు వంగారు. మోకాళ్ళు పటపటమన్నాయి. చాపని నా ముందు పరిచి, మూలలు అరచేత్తో చదును చేశారు. గోళ్ళ సందుల్లో ఎర్రమట్టి. అప్పుడు మేనత్త చెప్పాల్సిన కృతజ్ఞత మాటలు కొన్నుంటాయి. చిన్నప్పట్నుంచి వింటున్నవే. ఒక్కటీ గుర్తు రాలేదు. చాప అల్లిక కేసి చూస్తూ ఉండిపోయాను.

"తల ఎత్తమ్మా," అన్నారాయన. ఆయనకి అది గుసగుస. "బిడ్డ నిన్ను చూసి భయపడుతోంది."

ఎత్తాను. అలిసి మేలుకుని నా వైపే చూస్తోంది. ఏడుపుకి పెదవి విరిచి సిద్ధంగా ఉంది. ఎత్తుకుని ఒళ్ళో పెట్టుకున్నాను. నా చేతికి ఎండిపోయిన కొబ్బరిపాలు నాకింది. ఊరుకుంది.

దాంతో సిగ్గు తీరిందనుకుంటారేమో. పొయ్యిల దగ్గర నన్ను లేవమన్నప్పటి సిగ్గు ఇలాంటిది కాదు. అప్పుడు 'వీళ్ళూ మనుషులేనా' అని కాస్త కోపం తెచ్చుకోవచ్చు. ఇక్కడ కోపానికి చోటు లేదు. ఏ నొప్పీ లేని నడుముని దిండుకి ఆనించుకుని, ఒకరి తర్వాత ఒకరు వచ్చి నా ముందు వంగుతుంటే, పొద్దు వాలేదాకా కూర్చున్నాను. ఫొలావుగారు పెరట్లోకి వెళ్ళి మిగిలిన పందుల సంగతి చూసుకున్నారు.

*

పౌలియాసి ఉన్న జైలు రాజధానిలోనే కనక, సోమవారం పడవలో సిసిలియా, నేను కలిసే వెళ్ళాం. అది శనివారం నుంచీ నాతో మాట్లాడలేదు. సముద్రం మధ్యలోకి రాగానే కడుపులో తిప్పి నా ఒళ్ళో తల పెట్టేసింది.

"ముందే ఎవరైనా ఒక్క మాట చెప్పొచ్చు కదక్కా," అంది కళ్ళు మూసుకునే. "లేవమంటే లేచేదాన్ని. అందరి ముందూ చిన్నదానివన్నారు. చచ్చాననుకో."

"నేనే కదే నిన్ను కూర్చోమన్నది."

"నువ్వూ వద్దు, నీ నడుమూ వద్దు," అని నవ్వబోయి, నవ్వు మధ్యలో కక్కుకుంది. నా లంగా మీదే.

జైలు దగ్గర లంగా కడుక్కుని లోపలికెళ్ళాను. పౌలియాసి ఎప్పటిలాగే కులాసాగా వచ్చాడు. చూడ్డానికి వెళ్ళిన ప్రతిసారీ అంతే. అందరూ చేసేదే, నేను దొరికాను, అదే నా తప్పు అనేవాడు. లోపల అతనికి స్నేహితులయ్యారు. పాటల బృందం పెట్టారు. అతని బదులు కూడా నేనే తల దించుకుని తిరుగుతున్నానని అతనికెప్పుడూ తోచలేదు.

ఆకు విప్పి పుట్టినరోజు విందులోంచి తెచ్చిన మాంసం ముందు పెట్టాను.

"మా అలిసిది! ఎలా జరిగింది? సిసిలియా కేకు తెచ్చిందా?" అంటూ పెద్ద ముక్క నోట్లో పెట్టుకున్నాడు. "మెత్తగా ఉందే. ఎవరి పంది?"

"ఫొలావుగారిది."

నమలడం నెమ్మదించింది. "సరేలే. సిసిలియానే కూర్చోబెట్టారుగా చాప మీద?"

"లేదు. నేనే కూర్చున్నాను."

"నువ్వా? మరి చాప ఎవరు పరిచారు?"

"ఆయనే."

పౌలియాసి నా మొహం కేసి చూశాడు. హాస్యమాడుతున్నానేమోనని చూశాడు. "ఆ ముసలాయనా? నీ ముందా?" ఆకు అంచు మడుస్తూ, "నన్నేమన్నాడు?" అన్నాడు.

"ఏమీ అనలేదు."

"బూతులు తిట్టాడా? చెప్పు, పరవాలేదు."

"నీ పేరే ఎత్తలేదు."

"ఒక్కసారి కూడానా?"

"ఒక్కసారి కూడా."

నోట్లో ముక్క మింగలేకపోయాడు. ఉమ్మడానికీ అతనికి మనసొప్పలేదు. బుగ్గ ఉబ్బించుకుని గోడ వైపు తిరిగిపోయాడు. భుజాలు కదులుతుంటే చూసి, నేనూ రెండో వైపు తిరిగి కూర్చున్నాను. మేమిద్దరం అలా కూర్చోవడం అదే మొదటిసారి. కావలివాడు వేళయిందన్నాక కూడా పౌలియాసి మొహం ఇటు తిప్పలేదు. "వెళ్ళిరా" అన్నాడు గోడతో.

వానలు మొదలయ్యాక అతన్ని వదిలారు. ఆ రోజు పడవ వచ్చిన కూత విని వంట చేసి కూర్చున్నాను. అన్నం చల్లారిపోయింది, అతను రాలేదు. రేవు నుంచి నేరుగా ఫొలావుగారి ఇంటికి వెళ్ళి వాకిట్లో నేల మీద కూర్చున్నాడని ఎవరో వచ్చి చెప్పారు. ఇంట్లోకి రమ్మని తెమలేటి పిలిచినా లేవలేదట. వాన పడుతున్నా లేవలేదట.

దీపాలు పెట్టే వేళకి వచ్చాడు. తడిసి ముద్దయ్యాడు. తువ్వాలు ఇచ్చాను.

"ఆయన వచ్చారా?"

"తోట నుంచి వచ్చారు. నన్ను దాటుకుని లోపలికెళ్ళారు. మళ్ళీ బయటికొచ్చారు."

"ఏమన్నారు?"

"మంచినీళ్ళు తాగావా అని అడిగారు."

"నువ్వేమన్నావు?"

"లేదన్నాను."

"ఇచ్చారా?"

"తెచ్చిచ్చారు," అన్నాడు పౌలియాసి. తువ్వాలు చేతిలో అలాగే ఉంది. తల తుడుచుకోలేదు.